రైలు రాని వారం

గవర్రాజు పొడవాటి ఇనుప తాళంచెవిని గొయ్యిలోని వాల్వు మీద బిగించి, రెండు చేతులా తిప్పుతున్నాడు. ఆ చెవికీ అతని గోళ్ళకీ చొక్కా కాలరుకీ కిరందుల్ ఇనుపగనుల కొండల ఎర్రదుమ్ము ఒకే రంగు వేసింది. గొయ్యిలో నీళ్ళ చప్పుడు వినబడ్డాక నడుం పట్టుకుని మెల్లగా లేచి, ఎడమ రొమ్ము కింద ఒకసారి రుద్దుకున్నాడు. గని టౌన్‌షిప్పులో ఆ వీధికి నీళ్ళు వెళ్ళాయి. నీళ్ళు రాని రోజున తప్ప అతని పేరు ఎవరికీ గుర్తుండదు.

అతనికున్న ఒకే ఒక్క పిచ్చి పేరిచర్ల వకుళ నవలలు. ఆవిడ రాసినవన్నీ క్వార్టరు బీరువాలో ఉన్నాయి. తెలుగువాడు కనబడితే చాలు, వకుళగారి గురించి మొదలుపెట్టేవాడు. అవతలివాడికి వెంటనే ఏదో పని గుర్తొచ్చేది. వాళ్ళ పిల్లలకైతే తెలుగు మాట్లాడటం వచ్చుగాని అక్షరం రాదు. ఆవిడ పోయిన వార్త పేపర్లో చూసిన రోజు అతను అన్నం తినలేదు. ఎందుకు తినలేదని అడిగే మనిషి ఇంట్లో లేదు.

మధ్యాహ్నం పంపుహౌసు అరుగు మీద అన్నం డబ్బా విప్పి, బైండు పుస్తకం పక్కన పెట్టుకున్నాడు. వీధులూడ్చే సన్నే వచ్చి, చీపురు గోడకానించి, కాస్త ఎడంగా కూర్చుంది. ఆమెది కోంటా వైపు దోర్ల గిరిజనుల ఊరు. చదువు రాదు, తెలుగు వింటే తెలుస్తుంది. ఎండాకాలం నుంచి గవర్రాజు నవల చదువుతుంటే వింటోంది. ఆ కాసేపే అతనికి రోజంతా.

"చదువు రాజన్నా. ఆ పిల్ల పెట్టె పట్టుకొని వానల పోయింది గదా. మల్ల ఏమైంది?"

గవర్రాజు పేజీ తిప్పాడు. అక్కడ తెల్లకాగితాలున్నాయి. వకుళగారి 'జాజుల గోడ' వారపత్రికలో వస్తున్న రోజుల్లో ఒకసారి ఘాట్‌లో కొండచరియలు పడి విశాఖ రైలు ఆగిపోయింది. ఆ వారం పత్రిక అందలేదు. తర్వాతి వారం చూస్తే, ఇల్లు విడిచిన అపర్ణ మళ్ళీ తన వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. ఆ నవల పుస్తకంగా రానేలేదు. పాత పుస్తకాల కొట్లన్నీ వెతికాడు. వకుళగారికే ఉత్తరం రాద్దామనుకుంటూ ఏళ్ళు గడిపాడు, ఈలోగా ఆవిడే పోయింది. అన్ని వారాలూ కలిపి బైండు చేయించినప్పుడు, ఆ వారానికని తెల్లకాగితాలు పెట్టి కుట్టించాడు.

ఇది ఉత్త కథల మోజు కాదు. ఆ ఏడాది చివర్లోనే అతని భార్య జయ కూడా పెట్టె సర్దుకుంది. మళ్ళీ రాలేదు. అపర్ణ మొగుడు ఏ మాట చెప్పి వెనక్కి తెచ్చుకున్నాడో తెలిసుంటే తనూ ఆ మాటే చెప్పేవాణ్ణని గవర్రాజు ఇన్నేళ్ళూ కుమిలిపోయాడు.

"తిరిగొచ్చీసింది," అన్నాడు.

"ఎందుకొచ్చింది?"

"ఏటో మరి. ఆ వారం రైలు రాలేదు."

"గంతే గదా! రైలు రాకుంటే ఏం జేస్తది, ఇంటికే వస్తది. దానికింత ఆలోచనేంది అన్నా?"

తను చెప్పింది పత్రిక సంగతని అనబోయి, గవర్రాజు ఆగిపోయాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అపర్ణ మొగుడు ఏ మాటా అనుండడు. జయ వెళ్ళిన రోజున రైలు టైముకే వచ్చింది. పెట్టె మోసుకెళ్ళి ఎక్కించింది తనే.

"నవ్వుతవేంది?"

"ఏం లేదులే సన్నే. రేపు కూడా రా. ఇంకా బోల్డు కథుంది."

ఆమె వెళ్ళాక జేబులోంచి పెన్సిలు తీసి, తెల్లకాగితం మీద 'ఆ రోజు రైలు రాలేదు' అని గుండ్రంగా రాసి, పెన్సిలు ఆ పేజీలోనే పెట్టాడు. సాయంత్రం వాల్వు తిప్పి నీళ్ళు వదిలి వచ్చి, కట్టేసే వేళ దాకా మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

చీకటి పడకముందే, నీళ్ళు వదిలిన ఆ వీధి నీళ్ళతో నిండిపోయింది. "పానీ బంద్ కరో!" అని, నీళ్ళు కట్టెయ్యమని హిందీలో అరుస్తూ జనం బయటికొచ్చారు. అందరికన్నా ముందు సన్నే పంపుహౌసుకి పరుగెత్తింది. గవర్రాజు గోడకానుకుని ఉన్నాడు. "రాజన్నా" అని పిలిచి, చల్లబడ్డ చెయ్యి పట్టుకుని చూసి, అక్కడే కూలబడింది.

ఎవరో వాల్వు కట్టేశారు. అతన్ని తీసుకుపోయారు. పుస్తకంలోంచి పెన్సిలు మాత్రం సన్నే తీయనివ్వలేదు, కథ అక్కడే ఆగిందని ఆమెకు తెలుసు. తడిసిన అరుగు మీద ఆ పుస్తకం, పెన్సిలున్నచోట కాస్త తెరుచుకుని అలాగే ఉంది.