దవాఖాన వెనక అర్ర

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి జనగామలో కిరాయికి అర్ర వెతికి ఉండడు. వెతికితే మూడో మాట కూడా చేర్చేవాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది మంగీలాల్ వెతికాడు. తన తండాలో సర్కారు కొలువు దొరికిన మొదటివాడతను, తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఊళ్లో ఖాళీ అర్రలు లేక కాదు. "ఏమోళ్లు?" అని అడిగేవారు. "లంబాడోళ్లం" అనగానే ఆ అర్ర నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టయ్యేది. సరేనన్న ఒకరిద్దరు చెప్పిన కిరాయి కడితే తిండికి మిగలదు.

అతని భార్య కమ్లీ కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు తండాలో నొప్పులొచ్చి, బండి కట్టి దవాఖానకు చేర్చేలోపే బిడ్డలు దక్కలేదు. ఈసారి దవాఖానకు దగ్గర్లోనే ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దవాఖాన వెనక వీధిలో అహల్యమ్మ ఇంట్లో ఒక అర్ర, వంటకో మూల, తట్టుకోగల కిరాయికి ఉన్నాయని తెలిసేసరికి మంగీలాల్ నోటికి అబద్ధం దానంతట అదే వచ్చింది.

"నర్మెట్ట దిక్కు కాపోళ్లమమ్మా. నా పేరు మంగయ్య."

కమ్లీ అద్దాల లంగా విడిచి చీర కట్టింది. మొగుడు బతికుండగా తీయకూడని తెల్లటి గాజులు జబ్బల మీంచి తీసి ట్రంకు పెట్టెలో దాచింది. తీస్తూ మొగుడి ముఖం చూడలేదు. తమ భాష మాట్లాడాలంటే తలుపు మూసుకుని గుసగుసలే. అహల్యమ్మ చెడ్డది కాదు. పొద్దున్నే మజ్జిగ పంపేది, కమ్లీ బరువెత్తితే కసిరేది. ఆ ప్రేమంతా కాపు కోడలికే కదా అని కమ్లీకి మజ్జిగ గొంతు దిగేది కాదు.

దసరా వెళ్లాక ఒక ఆదివారం అహల్యమ్మ, కమ్లీ అరుగు మీద బియ్యం ఏరుతున్నారు. మంగీలాల్ అర్ర గడపలో కూర్చున్నాడు. కమ్లీ తల్లి రామి, నెత్తిన సీతాఫలాల గంపతో, మెడనిండా పూసలతో గేటు తోసుకుని వచ్చింది. గంప దించి చేతులు చాచింది. చాన్నాళ్లకు కలిసిన ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని రాగం తీసి ఏడవడం తండాలో పద్ధతి. ఒకరు కష్టం చెబుతూ ఏడిస్తే రెండోవారు ఏడుస్తూ జవాబివ్వాలి. ఏడవకుండా కలిస్తే పరాయిదాన్ని చూసినట్టే. కమ్లీ సగం లేచింది.

"ఎవలు మంగయ్యా?" అంది అహల్యమ్మ.

"సీతాఫలాలు అమ్ముకునేదమ్మా" అన్నాడు మంగీలాల్.

రామి చేతులు గాలిలోనే ఉండిపోయాయి. బిడ్డ బోసి జబ్బలు చూసింది, కడుపు చూసింది. తర్వాత మెల్లగా గంప దగ్గర కూర్చుంది.

"అవ్ దొరసానీ. గుట్ట పండ్లు, మంచిగున్నయి. జర చూడుండ్రి."

అహల్యమ్మ ఏరి ఏరి, బేరమాడి తీసుకుంది. రామి ఇచ్చినంతే పుచ్చుకుంది. పెద్దపండ్లు రెండు మాత్రం కమ్లీ ఒడిలో పెట్టింది. "గీ పిల్ల తాన పైసలొద్దు. కడుపుతోటున్నది" అని గంపెత్తుకుని వెళ్లిపోయింది.

బతికిపోయాం అనుకున్నాడు మంగీలాల్. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో వీధి మలుపు నుంచి రాగం వినిపించింది. రామి ఒక్కతే ఏడుస్తోంది. బిడ్డా, నీ జబ్బలు బోసిపోయినయే అని తమ భాషలో పాడి ఆగింది. జవాబుకు చోటు వదిలి మళ్లీ అందుకుంది.

కమ్లీ మొగుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపితే చాలు, ఇన్నాళ్లూ అలాగే ఊరుకుంది. మంగీలాల్ తల దించుకున్నాడు.

కమ్లీ జవాబు ఎత్తుకుంది. వీధంతా మారుమోగేలా ఏడుస్తూ, పండ్లు ఒడిలో పట్టుకునే గేటు దాటింది. అహల్యమ్మ చేతిలోంచి చాట జారింది.

"అయ్యో, ఎవలు సచ్చిన్రు మంగయ్యా?"

"ఎవలు సావలేదమ్మా. మా అత్త వచ్చింది" అన్నాడతను. "నా పేరు మంగీలాల్."

అహల్యమ్మ ఒలికిన బియ్యం అలాగే వదిలేసి లోపలికి పోయింది. గోడ అవతల దవాఖానలో ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. మంగీలాల్ అర్రలోకి పోయి ట్రంకు పెట్టె తెరిచాడు. గాజులు కమ్లీకని తీసి పక్కన పెట్టి, బట్టలు సర్దడం మొదలుపెట్టాడు.