బుట్టలో వేసిన చీటీ

కొత్త సంవత్సరం పొద్దుటి ఆరాధనలో పాస్టరుగారు తలా ఒక చీటీ పంచారు. మోస్తున్న పాపమేదో రాసి బుట్టలో వేస్తే బయట ఇనప డబ్బాలో కాల్చేస్తారట, మనిషి కొత్తవాడైపోతాడట. అంత సులువైతే ఇంకేం కావాలి! జనం చకచకా రాసేశారు. చివరి వరసలో లిఫ్టు మెకానిక్కు మాత్రం పెన్ను పట్టుకుని బిగుసుకుపోయాడు.

రెండేళ్ల కిందట అతని జతగాడు చచ్చిపోయాడు. ఆరడుగుల మనిషి కాబట్టి అందరూ పొట్టోడనేవాళ్లు. పొట్టోడు లిఫ్టు మీదకెక్కి తాళ్లు చూస్తున్నాడు, ఇతను పై గదిలో మోటారు దగ్గరున్నాడు. కింద నుంచి కేక వచ్చాకే కరెంటు వెయ్యాలి. ఇతను ఫోనులో కబుర్లాడుతూ, పని అయిపోయుంటుందిలే అనుకుని స్విచ్చి వేసేశాడు. పొట్టోడు గోడకూ లిఫ్టుకూ మధ్య నలిగిపోయాడు. విచారణకు వచ్చినవాళ్లను చూసి జైలు తప్పదనుకున్నాడు. "తాగి ఎక్కాడు సార్, వద్దన్నా వినలేదు" అనేశాడు. పోయినవాడు లేచొచ్చి కాదంటాడా?

పొట్టోడి భార్య ఆ మాట నమ్మింది. ఎందుకు నమ్మదు? అతను ఒకప్పుడు తాగుబోతే. ఇకమీదట ముట్టనని ఇదే గుడిలో ప్రభువు ముందు ఒట్టేసి మానేశాడు. తననూ దేవుణ్నీ కూడా మోసం చేశాడని ఆవిడ మండిపోయింది. మట్టి వేసే రోజు తను ఇల్లు కదల్లేదు, కూతుర్నీ కదలనివ్వలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో కొళాయి కారినా, బల్బు పోయినా పరిగెత్తింది ఈ మెకానిక్కే. "దేవుడిచ్చిన తమ్ముడివి" అనేది ఆవిడ. విన్న ప్రతిసారీ అతనికి చచ్చిపోవాలనిపించేది.

'పొట్టోడు తాగలేదు. చంపింది నేను' అని రాశాడు. తలెత్తేసరికి బుట్ట పట్టుకుని ఎదురుగా నిలబడింది ఆవిడే. నాలుగు మడతలు పెట్టి అందులో వేశాడు.

డబ్బాలోంచి పొగ లేచింది. "ఇక మీరంతా కొత్తవాళ్లు!" అన్నారు పాస్టరుగారు. సిగ్గులేని గుండె, నిజంగానే తేలికపడింది. అంతలో ఆవిడ వచ్చింది.

"తమ్ముడూ, నేనేం రాశానో తెలుసా? ఒట్టు తప్పాడని రెండేళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. ఇవాళ్టితో క్షమించేశాను."

ఇక అతనివల్ల కాలేదు.

"క్షమించడానికి ఆయనేం చేశాడక్కా! ఆయన తాగలేదు. చూసుకోకుండా కరెంటు వేసింది నేను. అబద్ధం చెప్పిందీ నేనే."

ఆవిడ కళ్లు మూసుకుంది. ఇద్దరూ ప్రార్థన చేసుకుంటున్నారనుకుని జనం నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పి వెళ్తున్నారు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని గేటు దగ్గరున్న కూతురి ముందుకు లాక్కెళ్లింది. "నాక్కాదు, దీనికి చెప్పు" అంది.

పన్నెండేళ్ల పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ అంతా చెప్పాడు.

"అయితే నాన్న ఒట్టు తప్పలేదా, మావయ్యా?"

"లేదమ్మా."

పిల్ల తల్లివైపు తిరిగింది. "మరి నన్ను వెళ్లనివ్వలేదేం? 'తాగుబోతుకి పువ్వులెందుకే' అన్నావుగా!"

"మీ అమ్మ తప్పేం లేదమ్మా, అంతా నాదే" అన్నాడు మెకానిక్కు. పిల్ల వినిపించుకోలేదు. చెయ్యి విదిలించుకుని గుడి వెనక సమాధుల్లోకి ఒక్కతే పరిగెత్తింది.

వాళ్లిద్దరూ వెనకే వెళ్లారు. పిల్ల ఒక్కో రాయి దగ్గర ఆగి చదువుతోంది, ఇంకోదానికి పోతోంది. సగానికి సగం గుంటల మీద రాయే లేదు. కాసేపటికి ఆగిపోయి తల్లి ముఖంలోకి చూసింది. ఆవిడ తల దించుకుంది. ఆవిడకీ తెలియదు.

పిల్ల కళ్లు తుడుచుకుని మెకానిక్కు దగ్గరికి వచ్చింది.

"మా నాన్నది ఏది?" అంది. మావయ్యా అనలేదు.

అతను ముందు నడిచాడు.