అడగని గడప

ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి వనజకు. ఏ ఒక్కటి వచ్చినా ఆమె పుట్టిన గుండ్లవాగు కోయగూడెం డోలు కొట్టి ఆడాల్సిన సంగతే. రెండూ కలిసి రావడంతో ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

రెండూ క్లినికల్ సైకాలజీలో డాక్టరేటుకు సీటిస్తామన్నవే. మొదటిది హైదరాబాదు నుంచి. అది పీహెచ్‌డీ. నెలనెలా స్కాలర్‌షిప్పు, ఉండటానికి హాస్టలు, రాష్ట్రం దాటే పని లేదు. ఒక ప్రొఫెసరు కింద ఒక విషయం తీసుకుని, వందలమందిని ప్రశ్నలడిగి, లెక్కలు కట్టి, చివరికి లావుపాటి పుస్తకం రాసివ్వాలి. రెండోది ఉత్తరాదిన ఒక పెద్ద మానసిక వైద్యశాలకు అనుబంధంగా ఉన్న సంస్థది. అక్కడ రాత తక్కువ, రోగుల ఎదురుగా కూర్చుని నేర్చుకోవడం ఎక్కువ. మొదటి ఏడాది చేతికి పైసా రాదు, చుట్టూ హిందీ తప్ప మరో మాట వినబడదు. రెండూ దాదాపు అయిదేళ్ళ చదువులే, రెండింట్లోనూ జూలై నెలాఖరులోగా చేరాలి. అప్పటికే రెండువేల ఏడో సంవత్సరం జూన్ సగం గడిచింది.

ఈ తేడా ఎవరికైనా చెప్పుకుందామంటే వినే నాథుడు లేడు. వనజ భద్రాచలంలో ఒక దవాఖానాలో హెచ్ఐవీ పరీక్షల గదిలో కౌన్సెలరు. పక్క గదిలోని ల్యాబు టెక్నీషియన్ రవీందర్ ఉత్తరాలు రెండూ చదివి, "పైసలిచ్చే సీటు ఇడిసిపెట్టి పైసలియ్యని సీటు గురించి ఆలోచన చేసేటోళ్లకే ముందుగాల కౌన్సెలింగ్ కావాలె," అని నవ్వాడు. గూడెంలో ఎదురైన ముసలివాళ్ళు అడిగే తీరు ఇంకోలా ఉంది.

"డాక్టరైనంక సూది ఇస్తవా బిడ్డా?"

"ఇయ్యను."

"గోలీలు?"

"ఇయ్యను."

"మరేం ఇస్తవు?"

ఈ ప్రశ్నకు వనజకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఏం ఇస్తుందో ఆమెకే తెలియకపోవడం ఆ కోపానికి కారణం. ఎర్రమ్మ వచ్చిన రోజు నుంచీ ఆ కోపం అలాగే ఉంది.

ఎర్రమ్మది దుమ్ముగూడెం వైపు ఒక చిన్న ఊరు. బిడ్డ జ్వరంతో పోయిన తర్వాత మాట పడిపోయింది. గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. "మనసు సంగతట, ఆ పరీక్షల గదిలో అమ్మాయి ఉంటది, ఆడికి తోలుకపో," అని మొగుడికి చెప్పారు. ఆ దవాఖానాలో కత్తికీ సూదికీ లొంగని రోగమేదైనా వనజ బల్ల దగ్గరికే వచ్చేది. ఎర్రమ్మ వచ్చి కూర్చుంది. వనజ చాలా మాట్లాడింది. ధైర్యం చెప్పింది, నీళ్ళిచ్చింది, మళ్ళీ ధైర్యం చెప్పింది. ఈ జబ్బును ఏమంటారో, ఎందుకొస్తుందో పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న మనిషే. ఎదురుగా కూర్చున్నాక ఏం చేయాలో మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎర్రమ్మ నాలుగైదుసార్లు వచ్చి మానేసింది. అందుకే వనజ మనసు రెండో ఉత్తరం మీద పడింది. ఎదుటి మనిషిని బాగుచేయడం నేర్పేది అదొక్కటే.

కానీ ఇంట్లో జంపయ్య ఉన్నాడు కదా, ఆమె తండ్రి. పోడు చేసుకుని, తునికాకు కోసి బిడ్డను ఎమ్మే దాకా చదివించినవాడు. చదువుకు అడ్డం చెప్పే రకం కాదు. ఆయన అడిగింది ఒక్కటే. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది కోయ మాటే అయినా మన కోసం తెలుగులోకి దించుకోక తప్పదు.

"అయిదేండ్లు మన బిడ్డను పెట్టుకునేటోళ్లు ఒక్కసారి వచ్చి అడగరా? ఎవలు వచ్చి అడిగితె ఆళ్ల కాడికే తోల్త."

గుండ్లవాగులో పిల్లను అడగడానికి మగపిల్లవాడి తరఫువాళ్ళే రావాలి. సారా తెచ్చి పెద్దల ముందు పెట్టాలి. పెద్దలు ముట్టుకుంటే మాట ఇచ్చినట్టే. సీటుకూ సంబంధానికీ తేడా తెలియనంత వెర్రివాడేం కాదు జంపయ్య. మూడేళ్ళ కింద ఆయన అన్న కూతురు కళావతి, కుట్టుమిషన్ల కంపెనీలో పని అని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎవరూ వచ్చి అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు. ఆ పిల్ల ఏమైందో ఈనాటికీ తెలియదు. తెలుసుకుందామన్నా ఎవరి గడప తొక్కాలో తెలియదు. అడిగినవాడి మొహం గుర్తుంటే రేపు ఏదైనా అయితే వాడి మెడ పట్టుకోవచ్చునని జంపయ్య లెక్క.

"యూనివర్సిటీలోళ్లు ఇల్లిల్లు తిరిగి అడగరయ్యా! వేలమంది పోటీ పడ్తరు!" అని వనజ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"అంటే నువ్వు ఆళ్లకు అక్కెర లేదన్నట్టు," అన్నాడు జంపయ్య. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. నిజమేమోనన్న అనుమానం ఆమెకూ ఉండబట్టే గుచ్చుకుంది.

ఆ ఆదివారం జరగనే జరగదనుకున్నది జరిగింది. హైదరాబాదు ప్రొఫెసర్ వెంకటరామారావు భార్యతో రాముడి దర్శనానికి భద్రాచలం వచ్చి, భార్యను సత్రంలో దింపి, తన దగ్గర చేరబోయే పిల్ల ఊరు పక్కనే కదా అని, దరఖాస్తులోని అడ్రసు పట్టుకుని, జీపు కట్టించుకుని గుండ్లవాగుకు వచ్చాడు. కోయగూడేనికి వట్టి చేతులతో వెళ్ళకూడదు సార్ అని డ్రైవరు చెబితే, దారిలో ఒక ఫుల్ బాటిల్ మందు కొన్నాడు. మర్యాద అనుకున్నాడు పాపం. దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా ఊరిపెద్ద బొజ్జయ్య ముందు పెట్టి, చేతులు జోడించి, "మీ పిల్లను మా దగ్గరికి పంపండి, నాది పూచీ," అన్నాడు. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఇచ్చి పుచ్చుకున్న పెద్దలు కూడా ఇంత పద్ధతిగా అడిగి ఉండరు. బొజ్జయ్య మూత తీశాడు. జంపయ్య కోడిని కోశాడు.

ఆదివారమైనా తప్పని డ్యూటీ దిగి చర్ల బస్సులో వనజ వచ్చేసరికి అంతా అయిపోయింది. ప్రొఫెసరు నులకమంచం మీద కూర్చుని ఆకులో కూర తింటున్నాడు. మంచి మనిషే, అందులో అబద్ధం లేదు. ఆమెను చూడగానే మొహం వికసించింది.

"రామ్మా వనజా! నీ టాపిక్ ఫిక్స్ చేసేశాను. గిరిజనుల్లో గాలి, దయ్యం నమ్మకాలు, మానసిక రుగ్మతలు. అయిదువందల శాంపిల్. బయటివాళ్ళు అడిగితే వీళ్ళు నోరు విప్పరు. నువ్వు ఇంటిపిల్లవి. గంటలో పదిమందిని పూర్తిచేస్తావు."

"సార్, పేషెంట్లను చూడటం కూడా నేర్పిస్తరా?"

"పీహెచ్‌డీకి పేషెంట్లతో పనేమిటమ్మా? శాంపిల్ చాలు."

ఆయన కుడివైపు బొజ్జయ్య మూడో గ్లాసు మీదున్నాడు. ఎడమవైపు తన తండ్రి, వచ్చిన పెద్దమనిషికి ఇంకో ముక్క వేయమని సైగ చేస్తున్నాడు. శాంపిల్ అంటే వీళ్ళేనని వనజకు అప్పుడే తట్టింది. ఎర్రమ్మ కూడా శాంపిలే. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పదు కాబట్టి పనికిరాని శాంపిల్. నోటిదాకా వచ్చిన మాటను మింగి, సార్‌కు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోసింది.

మర్నాడు మధ్యాహ్నం దవాఖానా మెట్ల మీద నిలబడి రెండో సంస్థకు ఫోన్ చేసింది. ఆ విభాగం చూసే డాక్టర్ ప్రమీలారాణి సత్తుపల్లి పక్క మనిషని ఇంటర్వ్యూలోనే తెలిసింది. మన జిల్లావాళ్ళు కదా, ఒక ముక్క సాయం చేయకపోతుందా అని వనజ ఆశ.

"మేడమ్, మీరు ఒక్కసారి మా నాన్నతో ఫోన్‌లో మాట్లాడితే చాలు. పిల్లను పంపమని అడిగినట్టుగా..."

"నేనెందుకు అడగాలమ్మా? సీటు కావాల్సింది నీకు గదా."

వనజకు ఒళ్ళు మండింది. మండినా కష్టపడి మర్యాద నిలుపుకుని, తను ఎందుకు రావాలనుకుంటోందో చెప్పింది. ఎర్రమ్మ గురించి చెప్పింది. మొగుడు ఏమన్నాడో, ఊళ్ళో దయ్యం దించే పూజారి ఏమన్నాడో, తను ఏమేం చెప్పిందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అవతల ప్రమీలారాణి అంతా విన్నది.

"ఇప్పుడెలా ఉందామె?"

"తెల్వదు మేడమ్. రావడం మానేసింది."

"కనుక్కోలేదా?"

వనజ ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కింది. ప్రమీలారాణి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఇక్కడ మొదటి రోజు నుంచే రోగుల్ని చూడాలి. తప్పు చేస్తే నీ పక్కన ఒకళ్ళుంటారు. ఆర్నెల్లు ఏడుస్తావు, అందరూ ఏడుస్తారు. వస్తే రా, లేకపోతే జల్దీ చెప్పెయ్. వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తాం," అని పెట్టేసింది.

ఎంత విచిత్రమో చూడండి. అక్కర్లేని గడపవాడు సారా తెచ్చి మరీ అడిగాడు. కావాల్సిన గడపది ఫోన్‌లో పొడిగా నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగినా పెట్టేలా లేరు. అయినా ఫోన్ పెట్టేశాక వనజకు ఒకటి తేలిపోయింది. ఎర్రమ్మ ఎలా ఉందని అడిగినవాళ్ళు ఈ మొత్తం గొడవలో ఆవిడ ఒక్కతే.

ఉత్తరాదికే పోతానని శనివారం సాయంత్రం ఇంట్లో చెప్పేసింది. జంపయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కబురు పంపితే బొజ్జయ్య కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వనజ తల్లి నాగక్క వాకిట్లో రాతి మీద ఇప్పగింజలు కొడుతోంది. ఇంట్లో ఏ పంచాయితీ జరిగినా ఆమె చేతిలో ఏదో పని ఉంటుంది, నోట్లో మాట ఉండదు.

"మాట ఇచ్చినం. ఊరి మాట అది," అన్నాడు బొజ్జయ్య. "ఇప్పుడు కాదంటె తాగిన సారాకు తప్పు పైసలు ఎవలు కడ్తరు?"

"తాగినోళ్లే కట్టుండ్రి! నేనైతే తాగలె!"

"పెద్దమనిషితోని గట్లనేనా మాట్లాడేది?" జంపయ్య లేచాడు. "అడిగినోళ్లను కాదని అడగనోళ్ల గడపకు పోతవా? దేశం కాని దేశం. రేపు ఆడ నిన్ను ఎల్లగొడ్తే నేను ఎవల్ని అడగాలె? కళావతి సంగతి మర్సినవా?"

"మర్వలె! కానీ ఆ సారు అడిగింది నన్ను కాదయ్యా, మిమ్మల్ని! మీ అయిదువందలమందిని! నేను ఇంటింటికి తిరిగి మీకున్న పిచ్చి ఎంతో రాసుకోవాలె, అంతే. మీకు బాగు చేసుడు ఆయన నాకు నేర్పడు. ఎర్రమ్మ అసొంటామె మల్లొస్తె మల్ల నీళ్లిచ్చి పంపుడే!" చెప్పి చెప్పి విసిగిపోయింది. "ఎట్ల చెప్తె సమజైతది మీకు?"

"అడగంది ఆడపిల్ల ఒక ఇంటికి పోతదా?" అన్నాడు జంపయ్య, అదే మాట, గోడకు చెప్పినట్టు. "ఏడనన్న ఉన్నదా? ఎవలన్న పోయిండ్రా?"

వాకిట్లో రాయి చప్పుడు ఆగింది.

"నన్ను ఎవలు అడిగిండ్రు?" అంది నాగక్క.

బొజ్జయ్య వాగు వైపు చూశాడు. జంపయ్య బీడీ కోసం చెవి తడుముకున్నాడు, అక్కడ బీడీ లేదు.

"చెప్పు. ఎవలొచ్చిండ్రు మా ఇంటికి? సారా ఎవలు తెచ్చిండ్రు?" నాగక్క గొంతు పెంచలేదు. "తాలిపేరు వాగు దాటి నా అంతట నేనే వస్తి. మీ అవ్వ లోపలికి రానియ్యకపోతె వానల ఈ గడపలనే కూసున్న. గట్ల పోయే పిల్లలు మనోళ్లల్ల లేరా? ఉన్నరు. తప్పు కాదు. కాకపోతె ఎనక ఎవలుండరు. మా అన్నలు ఇయ్యాల్టికి ఈ గడప తొక్కలె."

ఈ ముక్క గూడెంలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. వనజకు మాత్రం కొత్త. మేనమామలు రాకపోవడానికి పొలం తగాదా కారణమని చిన్నప్పటి నుంచీ చెప్పుకొచ్చారు. ఆమె నమ్మింది.

జంపయ్య గడప వైపు ఒకసారి చూశాడు. చివరికి, "తప్పు నేనే కడ్త," అన్నాడు బొజ్జయ్యతో. "గాని బస్సు దాక నేను రాను." కూతురి మొహం చూడకుండా దొడ్డివైపు వెళ్ళిపోయాడు. బొజ్జయ్య కూడా కండువా దులుపుకుని లేచాడు.

గెలిచానని సంతోషపడాలో, తండ్రి రానన్నందుకు బాధపడాలో వనజకు తెలియలేదు. "నేను అడగనోళ్ల కాడికే పోత అవ్వా," అంది, అందరూ వెళ్ళిపోయాక, ఇంకా ఎవరితోనో వాదిస్తున్నట్టే.

"పో," అంది నాగక్క. మళ్ళీ రాయి అందుకుంది. "గాని ఏడ్సుకుంట తిరిగి రాకు. నేను పోలె."

"నీకు ఏడుపు రాలేదా?"

"రాకేం? మస్తొచ్చింది." గింజ పగిలింది. పొట్టు పక్కకు తోసి ఇంకోటి పెట్టింది. "ఎవలకు చెప్పుకోవాలె?"

వనజ నోరు తెరిచింది. రోజూ ఎంతోమందికి ధైర్యం చెప్పే నోరు. ఒక్క మాటా రాలేదు. ఇన్నాళ్ళూ అందరి మీదా ఎగసిన కోపం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. పుట్టినప్పటి నుంచీ ఈ వాకిట్లోనే పెరిగింది, తల్లిని ఒక్కసారి కూడా అడగలేదు.

"వానొచ్చేటట్టున్నది," అంది నాగక్క. "గింజలు లోపల పొయ్యాలె, చేట అందుకో."