కోడిపుంజు పుల్లలు

కోత పండుగ ఆదివారం లోపల నేను చేయవలసిన పనులు ఇవి. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్ది కాలేజీలో అప్పజెప్పాలి. అమ్మకు బీపీ గోలీలు కొనాలి. బెల్లంపల్లిలోని మా చర్చి సంఘానికి కానుకగా ఒక బియ్యం బస్తా పంపాలి. బ్యాంకుకు పోయి, ఫోన్ నుంచి ఒక్కరోజులో పంపగలిగే సొమ్ము పరిమితిని పెంచమని అడగాలి. తెల్ల చొక్కా ఇస్త్రీకి వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు జరిగే వేలం సంగతి శ్యాంసుందర్ చెవిన పడకుండా చూసుకోవాలి.

చివరిది తప్ప అన్నీ చేశాను.

నేను కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. కామర్స్ చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మందు ముట్టను. మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. అయినా పదేళ్లుగా నేను కూడబెట్టేదంతా మందు తాగేవాళ్ల పాత వెండి సామానే. మందు కొలిచి పోసే చిన్న గిన్నె, కలిపి ఊపే మూతచెంబు, ఐసుముక్కలు తీసే పటకారు. ఒకసారి పాస్టర్ గారు ఇంటికొచ్చి ఆ చెంబును చూసి ఇదేమిటని అడిగితే పూలకుండీ అని చెప్పాను.

"మందు తాగని మనిషివి, మందు చెంబులకు కావలి కూసున్నవ్" అంటుంది నా భార్య మహిమ. "తాగేటోడైనా ఒక పూట తాగి ఊకుంటడు. నీది దిగని నిషా."

దీనికి కారణం మా తాత మైసయ్య. బెల్లంపల్లి బొగ్గు గనుల ఆఫీసర్ల క్లబ్బులో ఆయన బేరర్. తెల్ల కోటు వేసుకుని గ్లాసులు అందించి, వెనుక గదిలో వెండి సామాను కడిగేవాడు. క్లబ్బు మూసిన రోజు పనివాళ్లకు తలా ఒక వస్తువు ఇచ్చి పంపించారు. తాత ఆ రోజు జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. ఆయనకని ఐసు వేసే బకెట్టు ఒకటి మిగిల్చారు. అది వెండి కాదు, వెండి నీళ్లు పూసింది. మా అమ్మ దాంట్లో ఎండు మిరపకాయలు పోసింది. వంటమనిషి జేమ్స్ తాతకు మాత్రం మఖమల్ డబ్బాలో ఆరు కాక్‌టెయిల్ పుల్లలు దొరికాయి. మందు గ్లాసులో వేసే చెర్రీ పండును గుచ్చడానికి వాడే సన్నని వెండి పుల్లలు. ఒక్కొక్క పుల్ల తల మీద వేలి గోరంత కోడిపుంజు. కాడ మీద నడిచే సింహం, లంగరు ముద్రలు ఉంటాయి. బర్మింగ్‌హాంలో పరీక్షించిన అసలు వెండికి అవే గుర్తులు.

"ఆ డబ్బ మీ తాతకు రావాల్సింది" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. జేమ్స్ తాత చనిపోయి ఇరవై ఏళ్లయింది. ఆయన భార్య చంద్రవ్వ ఆ డబ్బా జోలికి ఎవరినీ రానివ్వదు. నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు.

"అమ్మను బిడ్డా" అనేది. "వాటితోని నా మనవలందరికీ కాటుక పెట్టిన. నీ కండ్లకు గూడ పెట్టిన, యాదికున్నదా? ఎట్ల అమ్ముతా?"

ఈ సంవత్సరం ఫోన్ చేస్తే మాట మార్చింది. "కండ్లు ఆపరేషన్ అయి మంచిగ కనవడుతున్నయ్ కొడుకా. మొక్కుకున్న. ఆ డబ్బ కోత పండుగకు దేవునికి ఇస్తున్న. నీకు గావాల్నంటే అక్కడ పాడుకో."

మా సంఘంలో కోత పండుగ అంటే అదే. ఎవరి పంటలోంచి వాళ్లు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక చర్చి ముందు షామియానా కింద అన్నిటినీ వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానిది. ఆ బల్ల మీదికి కోడిపుంజు పుల్లలు వస్తున్నాయని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం రుచించలేదు.

శ్యాంసుందర్ గురించి చెప్పాలి. గ్రానైట్ వ్యాపారి. ఈ పాత వెండి పిచ్చి ఆయనకు అంటించింది నేనే. నేను మూతచెంబు కోసం ఒక ఏడాది తిరిగాను, ఆయన ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో రెండు తెప్పించుకున్నాడు. మా ఇంట్లో నా సామాను స్టీలు బీరువాలో, బట్టల వెనుక ఉంటుంది. ఆయన ఇంట్లో అద్దాల బీరువా, లోపల లైట్లు, ప్రతి వస్తువు పక్కన చిన్న కార్డు. కార్డు మీద అది ఏ ఊరిది, ఎవరు వాడారు. ఆ లైటు వెలుగులో ఆయన చెంబును చూసి వచ్చిన రోజు నా చెంబును తుడవబుద్ధి కాలేదు. మనిషి చెడ్డవాడైనా బాగుండేది. తిట్టుకోవడానికి ఒక వంక దొరికేది.

ఆయన భార్య జమున, మహిమ ఒకే బడిలో టీచర్లు. శుక్రవారం సాయంత్రం శ్యాంసుందర్ ఫోన్ చేశాడు.

"ఎబినేజర్ సార్, బెల్లంపల్లిల మీ చర్చి పండుగకు మహిమ మేడం మమ్ముల పిలిచిందట గదా. నాటుకోడి కూర అన్నదట. ఇగ రెండు కార్లెందుకు సార్? నా బండిల పోదాం."

ఫోన్ పెట్టేసి మహిమ వైపు చూశాను.

"అట్ల జూస్తవేంది? దోస్తు గదా అని పిలిచిన."

"వెండి పుల్లల సంగతి చెప్పినవా?"

"చెప్పిన. దాచేదేమున్నది? చర్చిల బహిరంగంగ వేలమేసేటియే గదా."

ఆదివారం పొద్దున పెద్దపల్లి మీదుగా పోతున్నంతసేపు ఆయన పాటలు పెట్టుకుని హుషారుగా కారు నడిపాడు. మంచిర్యాల దగ్గర గోదావరి వంతెన దాటుతూ అడిగాడు. "ఆరుంటయా సార్? పూర సెట్టా?" "ఏమో సేటు, నేను సూడలే" అన్నాను.

వేలం వేసేది సంఘ పెద్ద ఎలీషా. గనిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. గొంతు ఇంకా గనిలో కేకేసినట్టే ఉంటుంది. గుమ్మడికాయలు అయ్యాయి. బొచ్చుకోడి ఒకటి తప్పించుకుని పిల్లలను పరుగెత్తించింది. అప్పుడు చంద్రవ్వ కొంగుచాటు నుంచి మఖమల్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఎలీషా మూత తెరిచాడు.

"సూడుండ్రి, దొరలు మందుల ముంచుకున్న పుల్లలు! గిప్పుడు దేవుని బల్ల మీదికొచ్చినయ్. ఎవలు పాడుతరు?"

నేను పాడాను. ఎవరో చెన్నూరు ఆయన పోటీకొచ్చాడు. మళ్లీ పెంచాను. ఆయన తగ్గాడు. నా చూపు శ్యాంసుందర్ మీదే ఉంది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నోరు తెరవలేదు. ఎలీషా మూడోసారి బల్ల మీద గుద్దాడు. "ఎబినేజర్ సారుకు! మన ఊరి పిలగానికి!"

షామియానా కింద ఫోన్ సిగ్నల్ లేదు. డబ్బు కట్టించుకునే అతను చర్చి వరండాలో కూర్చున్నాడు. ముందు డబ్బు కట్టి రావాలనుకున్నాను. చదువుకున్నవాడి బుద్ధి అది, బిల్లు కట్టాకే వస్తువు తీసుకోవడం. వరండాకు పోయి, ఫోన్ పైకెత్తి, డబ్బు పంపి, రసీదు తీసుకుని వెనక్కి తిరిగాను. షామియానా కింద అందరూ చప్పట్లు కొడుతున్నారు.

మా కోత పండుగలో ఒక ఆనవాయితీ ఉంది. పాడుకున్నవాడు వస్తువును వెంటనే చేతిలోకి తీసుకోవాలి. డబ్బు కట్టి వస్తువును బల్ల మీదే వదిలేస్తే, దాన్ని తిరిగి దేవునికే ఇచ్చినట్టు. మళ్లీ వేలం వేస్తారు. మా బాపు ఒక ఏడాది ఇట్లాగే కోడిని వదిలితే అది మూడుసార్లు అమ్ముడుపోయింది. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి. ఇరవై ఏళ్లు కరీంనగర్‌లో ఉండి అది నా తల నుంచి జారిపోయింది.

"తిరిగి దేవునికే ఇచ్చిండు!" ఎలీషా గొంతు మైకులో పగిలింది. "పాడిందంత కట్టి, వస్తువు ముట్టకుంట పోయిండు! గీ కాలంల గసుంటి పిలగాండ్లు ఎక్కడున్నరు?"

చంద్రవ్వ లేచి వచ్చి నా గడ్డం పట్టుకుంది. ఆపరేషన్ అయిన కళ్లలో నీళ్లు. "నీ కడుపు సల్లగుండ కొడుకా. నువ్వు తీస్కపోతవు అనుకున్న. నీకు మీ తాత గుణమే వచ్చింది."

ఏమనాలి? కాదు పెద్దవ్వా, మరిచిపోయిన, నాకు కావాలి అనాలా? పాస్టర్ గారు అప్పటికే కళ్లు మూసుకుని నా కుటుంబం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. నేను తల వంచుకున్నాను. ఆమెన్ కూడా అన్నాను.

మళ్లీ వేలం మొదలయింది. నేను చెయ్యెత్తాను. ఎలీషా పకపకా నవ్వాడు. "ఏంది సారూ, ఇచ్చినదాన్ని మళ్ల దేవుని చేతులకెల్లి గుంజుకుంటవా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వి చెయ్యి దించాను. ఫోన్‌లో ఆ రోజు పరిమితి కూడా అయిపోయింది.

శ్యాంసుందర్ ఒకే ఒక్కసారి పాడాడు. ఎదురు ఎవరూ రాలేదు. డబ్బాను వెంటనే చేతిలోకి తీసుకున్నాడు. హిందువు, ఆ చర్చికి మొదటిసారి వచ్చినవాడు, పక్కవాళ్లను అడిగి పద్ధతి తెలుసుకున్నాడు.

నాటుకోడి కూర నాకు గడ్డిలా ఉంది.

తిరుగు ప్రయాణంలో డబ్బా నా ఒళ్లో పెట్టాడు. "పట్టుకోండ్రి సార్, నేను డ్రైవింగ్ చెయ్యాలె. మీరు పాడుతుంటే నేను అడ్డం రాలే, సూసిండ్రు గదా? మీరు దేవునికిచ్చినంకనే పాడిన. మీ దిల్లే దిల్ సార్."

వెనుక సీట్లో జమున, మహిమ ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను మూత తెరిచాను. ఆరు కోడిపుంజులు. చివరిదాని కాడ కొద్దిగా వంకర.

"అగో, గది సూసిన" అన్నాడు శ్యాంసుందర్. "వంకర వోయింది. కరీంనగర్‌ల మన వెండి తీగపని ఆయనకిచ్చి సాఫ్ చేపిస్త."

ఆ వంకర గురించి నాకు తెలుసు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు తాత అరుగు మీద కూర్చుని, చీపురుపుల్లకు రేగుపండు గుచ్చి చూపించాడు. పేకాటలో ఓడిన ఒక దొర కోపంతో గ్లాసులోని పుల్లను వంచి తాత మొహం మీదికి విసిరాడట. పుల్ల పాడయిందన్న మాట తాత మీదికే వస్తుంది. దానికి గుడ్డ చుట్టి, బొటనవేలితో నిమిరి నిమిరి నిలబెట్టాడు. పూర్తిగా రాలేదు. ఆ పుల్ల ఎవరికి ఇవ్వాల్సి వచ్చినా, వంకర కనబడకుండా పండును అటు జరిపి గుచ్చేవాడట. క్లబ్బు మూసేదాకా ఎవరూ కనిపెట్టలేదని చెప్పి తాత నవ్వాడు. రేగుపండును నా నోట్లో పెట్టాడు.

ఈ సంగతి చెబితే శ్యాంసుందర్ ఆ పుల్లను ముట్టడు. చెప్పకపోతే సుత్తి పడుతుంది. కానీ చెబితే ఆ కథ కూడా ఆయనదైపోతుంది. అద్దాల బీరువాలోకి, లైటు కిందికి పోతుంది. వచ్చినవాళ్లందరికీ కాఫీతో పాటు ఆయన చెబుతాడు. నాకంటే బాగా చెబుతాడు కూడా.

"సరిచేయించకు సేటు" అన్నాను. "రిపేరు చేసిన పాత వెండికి మార్కెట్ల ధర ఉండదు. ముద్రలు గూడ చెదురుతయ్."

"గట్లనా? మంచిగ చెప్పిండ్రు. ముట్టనియ్య." కొంత దూరం పోయాక మళ్లీ అడిగాడు. "అన్నట్టు సార్, ముసలామె మీ తాత అన్నది. ఆయనకు గీ పుల్లలకు ఏమన్న సంబంధమున్నదా? కార్డు మీద పేరు రాస్త."

మహిమ వెనుక నుంచి నోరు తెరవబోయింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఊర్లె అందరికి అందరు తెలుసు సేటు. దొరలు వాడినవని రాసుకో."

మొన్న జమున కాఫీకి పిలిస్తే పోయాము. పుల్లలు బీరువా పై అరలో, నల్ల మఖమల్ మీద ఉన్నాయి. వంకర అట్లాగే ఉంది. కార్డు మీద "బెల్లంపల్లి ఆఫీసర్ల క్లబ్బు. దొరలు వాడినవి" అని అచ్చు వేయించాడు. లైటు వేసి చూపించాడు. అవి నావి కావాలి. ఇప్పటికీ కావాలి. ఆ కార్డుకు మాత్రం నేను పేరు ఇవ్వను.

పేరు మీకు ఇస్తున్నాను. మీరెప్పుడైనా కరీంనగర్ వచ్చి, ఆ ఇంటికి పోయి, ఆ పై అర ముందు నిలబడితే, దొరలను తలుచుకోకండి. తెల్ల కోటు వేసుకుని, దొర విసిరిన పుల్లను నేల మీంచి ఏరుకుని, బొటనవేలితో నిమిరి నిలబెట్టిన మనిషిని తలుచుకోండి. ఆయన పేరు మైసయ్య. దయచేసి గుర్తుపెట్టుకోండి.