వాటర్ ఫిల్టర్ సర్వీస్ నుంచి మాట్లాడుతున్నాం

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో పోలీసులు తలుపులు పగలగొట్టరు, ఎవరికీ బేడీలు పడవు. ఒక వాటర్ ఫిల్టర్ బాగవుతుంది, అంతే. ఇంకేదో ఆశించి వచ్చినవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

స్టేషన్లో జిరాక్స్ మిషన్ పక్కన, ఒక చక్రం ఊడిన కుర్చీలో కూర్చునే అమ్మాయి పోలీసు కాదు, కౌన్సెలర్. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కేసులన్నీ ఆ బల్ల మీదకే వస్తాయి. వాళ్ల ఫోన్లు మొగుళ్లు చూస్తుంటారు కాబట్టి ఆమె ఎప్పుడూ స్టేషన్ పేరు చెప్పి ఫోన్ చేయదు. ఒకరికి బ్యూటీ పార్లర్, ఒకరికి బీమా ఏజెంట్, ఇంకొకరికి స్కాన్ సెంటర్. ఎవరికి తానెవరో గుర్తు తెచ్చుకోవడంతోనే పొద్దున్నే సగం ఓపిక అయిపోతుంది.

ఆ రోజు ముందుగా ఆమె వాటర్ ఫిల్టర్ సర్వీస్.

ఫోన్ అవతలి ఆవిడ క్లినిక్‌లో పరిచయం. కనుబొమ్మకి కుట్లు వేస్తూ నర్సు ఉండబట్టలేక కౌన్సెలర్‌కి కబురు పెట్టింది.

"వచ్చేస్తాను," అందామె అప్పుడు. "కానీ నా సర్టిఫికెట్లు, పాపవి, అన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. అవి లేకుండా వస్తే నాకు ఉద్యోగం ఎవరిస్తారు, దాన్ని ఏ స్కూల్లో చేర్చుకుంటారు? నేను గడప దాటాలంటే ఆయన బ్యాగ్ తిరగేసి చూడాల్సిందే."

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "ఫిల్టర్ బాగానే ఉందండీ" అని పెట్టేసేది. ఈసారి మగగొంతు పలికింది.

"మీ కోసమే చూస్తున్నాం. చుక్క నీళ్లు రావట్లేదు. ఫిల్టర్ వాళ్ల నంబర్ ఇదేనని మా ఆవిడ చెప్పింది. మధ్యాహ్నం రండి, నేను ఇంట్లోనే ఉంటా."

కౌన్సెలర్ ఫోన్ పెట్టేసి హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగింది. "బాబాయ్, ఫిల్టర్ విప్పడం వచ్చా?"

"మా ఇంట్లో బల్బు కూడా మీ పిన్నే మారుస్తుంది."

"వెళ్లకపోతే ఆయనకి అనుమానం వస్తుంది. దెబ్బలు ఆవిడకి పడతాయి."

"వెళ్తే?"

"నీళ్లు కారతాయి."

హెడ్డు నిట్టూర్చి, అల్లుడి టీషర్టు తెప్పించుకుని తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర అది ఎప్పుడు చినుగుదామా అని చూస్తోంది. జీపు రెండు వీధుల అవతల ఆపి, అందులో కూర్చునే ఫిల్టర్ విప్పడం మీద ఒక వీడియో చూసి, అక్కడికి తెప్పించుకున్న స్టేషన్ రైటర్ స్కూటర్ ఎక్కి వెళ్లారు.

తలుపు ఆయనే తీశాడు. "రండి రండి, చెప్పులు విడవక్కర్లేదు." చొక్కా జేబులో రెండు ఫోన్లు, ఒకదానికి పూల కవరు. "మా ఆవిడకి మిషన్లు సరిపడవు. ముట్టుకుంటే చాలు, పాడైపోతాయి," అని నవ్వాడు. ఆమె వంటగది మూలన నిలబడి నేల చూస్తోంది. బాత్రూమ్ తలుపుకి లోపలి గడియ లేదు, పీకేసిన మేకుల గుర్తులున్నాయి. ఎంత అలసిపోయినా కౌన్సెలర్ కళ్లు ముందు ఇలాంటివే చూస్తాయి.

హెడ్డు ట్యాప్ కట్టకుండానే పైపు లాగేశాడు. వీడియోలో ఆ ముక్క మొదట్లోనే ఉంది, ఆయన చూసింది మధ్యలోంచి. నీళ్లు ఫౌంటెన్‌లా లేచాయి.

"సార్ సార్, ఇక్కడ బొటనవేలు పెట్టి నొక్కండి. వదిలారంటే ఇల్లంతా చెరువే."

ఆయన నొక్కి పట్టుకున్నాడు. సింకు కింద ట్యాప్ కౌన్సెలర్ కాలి పక్కనే ఉంది. కట్టేద్దామని వంగింది. అప్పుడే లోపలి గదిలో బీరువా తలుపు కిర్రుమంది. మూల ఖాళీగా ఉంది. కౌన్సెలర్ చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పు సరిచేసుకుంది.

"ఏమే, ఎక్కడ చచ్చావు? గుడ్డ పట్రా."

"తెస్తున్నానండీ," అని లోపల్నుంచి గొంతు, దాని వెనకే అట్టపెట్టెకి టేపు అంటిస్తున్న చప్పుడు.

ఇక్కడ ఫిల్టర్ మూతిలో బిగించి కుక్కిన గుడ్డ పీలిక ఒకటి హెడ్డు పట్టకారుతో లాగాడు. రంగు ఆమె చున్నీ రంగే. ఎంతైనా పోలీసు నోరు కదా, తెరుచుకుంది. "ఇది ఎవరో కావాలని..."

"పాచి," అంది కౌన్సెలర్. "ఈ నీళ్లకి మామూలే, సార్."

హెడ్డు పీలికని గుప్పిట్లో దాచుకున్నాడు. లోపలి గది వైపు ఒకసారి చూశాడు. "ఇంకాస్త గట్టిగా నొక్కండి సార్. మీరు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది."

ఆమె గుడ్డతో వచ్చాకే కౌన్సెలర్‌కి ట్యాప్ కనబడింది.

దారిలో కొన్న కొత్త క్యాండిల్ ఫిల్టర్ లోపల బిగించారు. నీళ్లొచ్చాయి. ఆమె మొదటిసారి తలెత్తింది. "పాత సామాను ఇక్కడ వదలొద్దండీ, పాప ముట్టుకుంటుంది. ఆ పెట్టెలో కట్టేశాను."

పెట్టె ఎత్తగానే కౌన్సెలర్‌కి తెలిసిపోయింది. అది పాత ఫిల్టర్ల బరువు కాదు. గుమ్మం దాకా వెళ్లేసరికి వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పెట్టె పట్టుకుంది.

"ఆడపిల్ల, మీరెందుకు మోయడం? ఇటివ్వండి."

ఇవ్వక తప్పలేదు. ఆయన పెట్టెని చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. టేపు ఒక మూల లేచి ఉంది. కౌన్సెలర్ ఆ మూలనే చూస్తూ నడిచింది. ఆయన దాన్ని స్కూటర్ ముందు పెట్టి, జారకుండా తన చేత్తోనే సర్దాడు.

కిటికీ ఊచల వెనక ఆమె కనబడింది. "మళ్లీ సర్వీస్‌కి ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగింది కౌన్సెలర్.

"పాప పరీక్షలయ్యాక."

"అవును, అప్పుడైతే నేనూ ఖాళీ," అన్నాడాయన.

జీపులో హెడ్డు తడిసిన టీషర్టు పిండుకున్నాడు. "ఇవాళే లాక్కొచ్చేయాల్సింది."

"లాక్కొస్తే లాక్కెళ్తాడు బాబాయ్. ఆవిడే నడిచి రావాలి." పెట్టె తెరిచింది. పైన పాత క్యాండిల్, కింద ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు, పాప బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు. ఫిల్టర్ పాడు చేసింది, మొగుడి చేత ఫోన్ ఎత్తించింది, ఆఖరికి మోయించింది కూడా ఆమే. కాగితాలు బయటికొచ్చాయి. మనిషి ఇంకా లోపలే ఉంది. పరీక్షలయ్యేదాకా ఈ బరువు కౌన్సెలర్ మోయాలి.

కళ్లు మూసుకుందో లేదో ఫోన్ మోగింది. పేరు చూసి, గొంతు సవరించుకుంది.

"హలో, బ్యూటీ పార్లర్."

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ, ఎవరైనా బాగున్న వస్తువుని కావాలని పాడు చేసి మనిషిని పిలిపించుకున్నారా? ఉంటే నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు. కానీ రాసే ముందు, ఆ ఫోన్ ఇంకెవరైనా చూస్తారేమో ఒకసారి చూసుకోండి.