బకెట్టులో గీత

మేస్త్రి నిచ్చెనెక్కి సుత్తితో తట్టాడు. హాలు సీలింగు డొల్లగా మోగింది. ఇంకో దెబ్బకి ఉబ్బిన ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడి, సోఫా మీద కప్పిన పాత దుప్పటి మీద రాలింది.

"ఎన్నాళ్లుగా కారుతోందమ్మా?"

"రెండేళ్లు. పైన బాత్రూమ్ నుంచి" అన్నాను.

ఆ బాత్రూమ్ మా వదినది. మా ఆయన అక్కగారు. పెళ్లి వద్దనుకుని, పై గదిలో బట్టలు కుట్టుకుంటూ ఉండేది. సీలింగు మీద మచ్చ కనబడిన రోజు నుంచి ఆవిడ నీళ్ల చప్పుడుకి చెవి ఒగ్గి కూర్చునేదాన్ని.

"మీరు స్నానం చేస్తే కింద మాకు గొడుగు కావాలి వదినా" అని మొదట్లో నవ్వుతూనే అన్నాను. తర్వాత నవ్వడం మానేశాను. చివరికి ఆవిడ బకెట్టు లోపల సగానికి గోళ్ల రంగుతో గీత గీసి, "ఇంతవరకే" అన్నాను. వదిన నెల తిరక్కుండా కుట్టుమిషనూ, ఆ బకెట్టూ తీసుకుని అద్దెగదికి వెళ్లిపోయింది. మా ఆయన బతిమాలినా ఆగలేదు.

ఆవిడ వెళ్లి ఎనిమిది నెలలైనా మచ్చ పెరుగుతూనే ఉంది. పాత తడేలే అని సరిపెట్టుకున్నాను.

మేస్త్రి అంతా గీకి కిందికి దిగాడు. "బాత్రూమ్ కింద చుక్క తడి లేదమ్మా. నీళ్లు అటువైపు నుంచి వస్తున్నాయి. పైన వరండాలో ఏముంది?"

నా వాషింగ్ మిషన్ ఉంది. పట్టుబట్టి అక్కడ పెట్టించింది నేనే. ఆ మాట చెబితే మేస్త్రి పైకెళ్లి చూసొచ్చాడు.

"దాని నీళ్లు పోయే గొట్టం పగిలింది. బట్టలేసినప్పుడల్లా నీళ్లు స్లాబులోకి దిగాయి. గొట్టం మార్చి, పది రోజులు ఆరనిచ్చి పూద్దాం" అని అతను చేతులు కడుక్కోడానికి వెళ్లాడు.

వదినకి ఫోన్ చేశాను.

"బాత్రూమ్ కాదట వదినా. నా మిషనట."

"అనుకున్నాను. నువ్వు దుప్పట్లు ఉతికిన రోజే కదా మచ్చ పెద్దదయ్యేది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నమ్మేదానివా? నా తప్పు నీ నెత్తిన రుద్దుతున్నానని ఇంకో గొడవ."

నమ్మేదాన్ని కాదు. "మీ గది అలాగే ఉంది. వచ్చేయండి" అన్నాను.

అవతల కుట్టుమిషను కాసేపు నడిచి ఆగింది.

"ఇక్కడ బానే ఉన్నానే. కొళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లు. ఎన్ని పోసుకున్నా అడిగేవాళ్లు లేరు." చిన్నగా నవ్వింది. "అయినా చూడు, ఆ గీత దాకా రాగానే చెయ్యి దానంతటదే కొళాయి కట్టేస్తుంది."