లేని త్రిభుజం

ఇరవై రెండేళ్లుగా పదో తరగతి లెక్కల ప్రశ్నపత్రం తయారుచేస్తున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, "పేపర్ మీ ఇంట్లోంచే బయటికి పోయింది మేడమ్" అంటే ఎలా ఉంటుంది? టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. పరీక్షల అధికారి బల్ల మీదుగా ఒక జిరాక్సు కాగితం తోశాడు. పరీక్ష ఇంకా వారం ఉందనగా ఎవరో పిల్లాడి తండ్రి తెచ్చిచ్చాడట. చూస్తే ప్రశ్నలన్నీ ఆమెవే.

"శుక్రవారంలోగా సంజాయిషీ రాసివ్వండి. లేదంటే కేసు మీ పేరు మీదే పడుతుంది" అన్నాడాయన.

టీచరమ్మ కాగితం ఆసాంతం చదివింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మూడు, నాలుగు, తొమ్మిది సెంటీమీటర్ల భుజాలతో త్రిభుజం గీయమని ఉంది.

"ఇది నేను పంపిన పేపర్లో లేదండీ. మూడూ నాలుగూ కలిసినా తొమ్మిదిని అందుకోలేవు, అలాంటి త్రిభుజం ఎక్కడా ఉండదు. పొరపాటున టైపు కొట్టి, నాలిక్కరుచుకుని అప్పటికప్పుడే చెరిపేశాను. నాకు తప్ప మరో కంటికి తెలీదు."

"అయితే?"

"అయితే ఆ మరో కన్ను నా కంప్యూటర్లోనే ఉంది. శుక్రవారానికి పట్టుకొస్తాను."

ఇంటికెళ్తూ, వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని వెంటబెట్టుకెళ్లింది. ఆ పిల్ల వచ్చీ రాగానే ఇంటర్నెట్ వైరు పీకేసింది.

"లోపల దూరిన ఆ దరిద్రాన్ని కూడా పీకి పారెయ్యవే!" అంది టీచరమ్మ.

"ఆగండాగండి మేడమ్. ముందు సాక్ష్యం, తర్వాతే సఫాయి."

కంప్యూటర్ ఆన్ చేయగానే తమంతట తాము లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా తెరిచి, ఒక్కొక్కటే వేలుపెట్టి చూసుకుంటూ వచ్చింది. సగం దాటాక తలెత్తింది.

"మీ ప్రింటర్ ఎక్కడుంది మేడమ్?"

"నాకు ప్రింటరెక్కడిదే? ప్రశ్నపత్రం ఇంట్లో అచ్చు తియ్యకూడదని రూలు."

"మరి ఈ 'ప్రింటర్ హెల్పర్' ఎవరికి హెల్ప్ చేస్తున్నట్టు?"

అదే దొంగ. బజార్లో బాహాటంగా అమ్మే సరుకేనట, పిల్లల్ని కనిపెట్టుకోవడానికని పేరు. నొక్కిన ప్రతి మీటా, చెరిపేసిన మాటలతో సహా రాసిపెట్టుకుని, రోజూ సాయంత్రం ఒక మెయిల్‌కి పంపుతుందట. ఏ రోజు ఎక్కించారో, ఎవరికి పంపుతోందో కూడా అమ్మాయి బయటికి లాగింది. టీచరమ్మ ఆ మెయిల్ రెండుసార్లు చదివింది. అది చెల్లెలి కొడుకు ట్యూషన్ సెంటర్‌ది. ఎక్కించిన రోజేమో, "పెద్దమ్మా, నీ కంప్యూటర్ నత్తలా నడుస్తోంది, నేను చూస్తాగా" అని వాడు వచ్చి కూర్చున్న ఆదివారం. వాడికి కడుపునిండా అన్నం పెట్టి, పాపం శ్రమపడ్డాడని జాలిపడింది కూడానూ! కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. మింగేసింది.

"తీసెయ్" అంది.

తియ్యబోతే అది పాస్‌వర్డ్ అడిగింది, ఇల్లు తనదే అయినట్టు. అమ్మాయి ప్రతి తెరనీ ఫోటో తీసి, ఆ దొంగ ఫైళ్లని వేరే డిస్క్‌లో భద్రం చేసింది.

"పైపైన తీస్తే ఏ మూలో తోక మిగిలిపోతుంది. మీ ఫైళ్లు పక్కన పెట్టి, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాను. ఈలోగా మీ పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్లోంచి మార్చెయ్యండి."

మూడు గంటలు పట్టింది. టీచరమ్మ కుర్చీలోంచి కదిలితే ఒట్టు.

సాయంత్రం కబురు పెడితే వాడొచ్చాడు. ఆమె పలకరించలేదు. తెల్లకాగితం, స్కేలు, కంపాసు ముందు పెట్టింది.

"మూడు, నాలుగు, తొమ్మిది. గీయరా."

వాడు నవ్వుతూనే తొమ్మిది సెంటీమీటర్ల గీత గీశాడు. ఈ కొస నుంచి మూడుతో ఒక చాపం, ఆ కొస నుంచి నాలుగుతో ఒక చాపం. రెండింటి మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ. మళ్లీ గీశాడు. కంపాసు కింద పెట్టేశాడు.

"ఒక్కసారైనా చేసి చూడకుండానే పిల్లలకి పంచావన్నమాట. లెక్కల మాస్టారివి! నువ్వు పెట్టిన దొంగని తుడిపించేశాను, ఇక దానికి సంజాయిషీ రాసివ్వాలి."

"పెద్దమ్మా, పక్కన కొత్త సెంటర్ పెట్టారు, పిల్లలంతా అటే పోతున్నారు... ఒక్కసారికే అనుకున్నా" అని నీళ్లు నమిలాడు. "తుడిచేశావుగా. ఏదో వైరస్ అని రాసెయ్యి. నా పేరెందుకు?"

"వైరస్ నా ఇంట్లో అన్నం తినలేదురా."

వాడు వెళ్లిన పావుగంటకి చెల్లెలి ఫోన్. వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అక్కా, వాడికి ఎక్కాలు నేర్పింది నువ్వే. వాడి పేరొక్కటీ రాయకు, చాలు. నీ కాళ్లు పట్టుకుంటా."

"మరి నా పేరేం చెయ్యమంటావే?" అంది టీచరమ్మ.

ఫోన్ పెట్టేసి, కడిగిన పలకలా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుంది. సంజాయిషీ టైపు చేసింది. ఫోటోలు జతచేసింది. చివర్లో వాడి పేరు కొట్టింది, ఇంటిపేరుతో సహా. వేలు దానంతటదే చెరిపే మీట మీదికి పోయింది. వాడి వేలు పట్టుకుని ఒకట్లు దిద్దించిన వేలు మరి. కాసేపు అక్కడే ఆగింది.

ఇన్నేళ్లలో ఎన్ని ప్రశ్నలు చెరిపిందో లెక్కలేదు. ఆ పేరు చెరపలేదు. పంపించేసి, అప్పుడు ఏడ్చింది.